తలదాచుకొను చోటు: జనరల్ విలియమ్ బూత్ జీవితము

డిసెంబరు మాసము వచ్చినదనగా మన సంఘములలో కేరల్స్ ప్రారంభమగును. స్వెట్టర్లు తొడుగుకొని, చెవులకు మఫ్లర్లు చుట్టుకొని, డోలకు, తాళములు చేతబట్టి, రాత్రి తొమ్మిదింటికి బయలుదేరి తెల్లవారుజాము వరకు ఇంటింటికి వెళ్లి రక్షకుని జనన వార్తను పాడి వినిపించుదుము. ప్రతి యింట వేడి టీ, కేకు ముక్క మన కొరకు సిద్ధముగా ఉండును. ఆ రాత్రులలో ఒక యింటి నుండి మరియొక యింటికి నడచుచుండగా, మూసియున్న దుకాణముల అరుగుల మీద, బస్టాండు బల్లల క్రింద, గోనెసంచులు కప్పుకొని, మోకాళ్లు గడ్డమునకు ఆనించుకొని పండుకొనియుండు మనుష్యులను దాటిపోవుదుము. ఒక సంవత్సరము మా గుంపు అట్టి యొక వృద్ధుని దాటుచుండగా, ఆయన నిద్రకు భంగము కలుగకూడదని డోలకు ఆపుమని నేనే చెప్పితిని. దయగల పని చేసితినని కొంతసేపు సంతోషించితిని కూడ. ఆ వృద్ధుడు అక్కడ ఎందుకు పండుకొనవలసి వచ్చెనని అడుగుట ఆ రాత్రి నాకు తోచలేదు. సత్రములో చోటు దొరకని తలిదండ్రులను గూర్చి పాడుకొనుచు మేము ముందుకు సాగిపోతిమి.

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు, ఆ రాత్రి జ్ఞాపకముతో పాటు నా మనస్సునకు వచ్చినది విలియమ్ బూత్ జీవితము. రక్షణ సైన్యము స్థాపకుడుగా ఆయన పేరు మనలో అనేకులు ఎరిగినదే. వీధి ప్రసంగములు, బాండు మేళము, సైనికుల వంటి దుస్తులు, ఇవన్నియు మనము వినియున్నాము. కాని అంతగా తలచుకొనని భాగము ఒకటి కలదు. ఇరువది రెండు సంవత్సరములు తూర్పు లండను బీదల మధ్య సువార్త ప్రకటించిన పిమ్మట, ఒక చలి రాత్రి ఆయన చూచిన దృశ్యము, మరునాటి ఉదయము ఆయన చేసిన పని, ఈ రెండును మన సంఘములు నేడు తలంచుకొనవలసిన సంగతులు.

తాకట్టు దుకాణములో బాలుడు

విలియమ్ బూత్ 1829వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన ఇంగ్లండు దేశములోని నాటింగ్‌హామ్ పట్టణమును ఆనుకొనియున్న స్నెయింటన్‌లో జన్మించెను. తండ్రి శామ్యేల్ ఇండ్లు కట్టించి అమ్ము వ్యాపారము చేసి, కొంత గడించి, పిమ్మట అంతయు పోగొట్టుకొనెను. కుటుంబము బీదరికములో పడగా, పదమూడేండ్ల విలియమ్ చదువు మాని ఒక తాకట్టు దుకాణములో పని నేర్చుకొనుటకు చేరవలసి వచ్చెను. ఆ యేడే, అనగా 1842లో, తండ్రి మరణించెను. తల్లి మేరీ బీదల పేటలో ఒక చిన్న దుకాణము పెట్టుకొని పిల్లలను పోషించెను.

నాటింగ్‌హామ్ ఆ దినములలో లేసులకును మేజోళ్లకును పేరుపొందిన పట్టణము. మగ్గములకు పని లేనప్పుడు పనివారి యిండ్లలో పొయ్యి వెలుగదు. మన చేనేత గ్రామములను ఎరిగినవారికి ఆ కష్టమును వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి కుటుంబములు సోమవారమున ఆదివారపు బట్టలు తెచ్చి కుదువబెట్టి, శనివారము కూలి డబ్బు చేతికి రాగానే విడిపించుకొని పోవుచుండెడివి. కష్టము ముదిరినప్పుడు పనిముట్లు వచ్చును, చలికోట్లు వచ్చును, చివరకు మంచము మీది దుప్పట్లు వచ్చును. వాటిని మడతపెట్టి, చీటీ కట్టి, అరలలో సర్దుట దుకాణపు కుర్రవాని పని. చలి రాత్రి కప్పుకొనవలసిన బట్ట తాకట్టు దుకాణపు అరలో ఉన్నయెడల, దాని సొంతదారుడు ఆ రాత్రి ఏమి కప్పుకొనును?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నిర్గమకాండము 22వ అధ్యాయములో మోషే ధర్మశాస్త్రము ఈ సంగతినే ఎత్తి చెప్పుచున్నది. పొరుగువాని పైబట్టను కుదువగా తీసుకొన్నవాడు ప్రొద్దు గ్రుంకకముందే దానిని తిరిగి యియ్యవలెను. వానికి కప్పుకొనుటకు అది యొక్కటే కనుక, వాడు మొరపెట్టినయెడల దేవుడు వినునని అక్కడ హెచ్చరిక కూడ ఉన్నది. అప్పు సంగతి, బాకీ సంగతి, తప్పు ఎవరిది అను సంగతి పగటి వేళ చూచుకొనవచ్చును. రాత్రి కప్పు మాత్రము రాత్రి లోపలనే చేరవలెనని దేవుని ధర్మము. బూత్ ఆ వృత్తిని జీవితాంతము అసహ్యించుకొనెను. ఆ దినములను గూర్చి మాట్లాడుటకు కూడ ఆయన ఇష్టపడలేదు. అయినను బీదరికము అనగా ఏమో ఆయన పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు. ఆ దుకాణపు బల్ల యొద్ద నేర్చుకొనెను.

వెనుక తలుపు

1844వ సంవత్సరములో, పదునైదేండ్ల వయస్సున, విలియమ్ మారుమనస్సు పొందెను. మెథడిస్టు సంఘములో చేరి, స్నేహితులతో కలిసి బీదల సందులలో వీధి కూటములు జరిగించుట ప్రారంభించెను. అట్లు రక్షణ మార్గములోనికి వచ్చిన కొందరు చినిగిన బట్టల కుర్రవాండ్రను ఆయన ఒక ఆదివారము తమ దేవాలయమునకు తీసికొనివచ్చి, ముందు వరుసలలో కూర్చుండబెట్టెను. సంఘ పెద్దలు ఆయనను ప్రక్కకు పిలిచి, ఇకమీదట ఇట్టివారిని వెనుక తలుపు గుండ తీసికొనివచ్చి, నలుగురికి కనబడని బల్లల మీద కూర్చుండబెట్టుమని చెప్పిరని ఆయన జీవితచరిత్రలలో వ్రాయబడియున్నది. ఆ పెద్దలు దుర్మార్గులు కారు. ప్రార్థనాపరులే, కానుకలు ఇచ్చువారే. కాని దేవుని మందిరమునకు రెండు తలుపులు ఉండవచ్చునని వారు తలంచిరి. మన మందిరములలో ఎన్ని తలుపులున్నవో మనమును ఒకసారి లెక్కించుకొనవలెను.

1849లో బూత్ లండను నగరమునకు వెళ్లెను. అక్కడ కూడ బ్రతుకుతెరువు కొరకు తాకట్టు దుకాణమునే ఆశ్రయింపవలసి వచ్చెను. 1852లో ఒక పాదరక్షల వ్యాపారి ఆదరణతో ఆ వృత్తి విడిచి పూర్తికాల సేవకుడాయెను. 1855 జూన్‌లో కేథరిన్ మమ్‌ఫర్డ్‌ను వివాహమాడెను. ఆమె వేదాధ్యయనములో దిట్ట. స్త్రీలు ప్రసంగపీఠమెక్కుట అరుదైన ఆ కాలములో గొప్ప ప్రసంగీకురాలుగా పేరుపొందెను. దేవుడు వారికి ఎనమండుగురు బిడ్డలను అనుగ్రహించెను. 1858లో మెథడిస్టు న్యూ కనెక్షన్ సంఘములో బూత్ గురుపట్టము పొందెను. కాని ఒక సర్కిటులో స్థిరముగా ఉండుమని సంఘము కోరగా, సంచార సువార్తికుడుగా తిరుగుటయే తన పిలుపని నమ్మిన బూత్ 1861లో ఆ పదవి విడిచెను. జీతము లేదు, ఇల్లు లేదు, చిన్న బిడ్డలున్నారు. తలదాచుకొను చోటు కొరకు ఆ దంపతులును కొంతకాలము దేవుని వైపే చూడవలసి వచ్చెను.

తూర్పు లండను

1865వ సంవత్సరములో బూత్ తూర్పు లండనులోని వైట్‌చాపెల్ ప్రాంతమున, పాత శ్మశాన భూమిలో వేసిన ఒక గుడారములో కూటములు జరిగించెను. గాలివానకు గుడారము చినిగిపోగా, ఆదివారములలో ఒక నాట్యశాలను అద్దెకు తీసికొని కూటములు సాగించెను. అట్లు పుట్టిన క్రైస్తవ మిషను 1878లో రక్షణ సైన్యమని పేరు మార్చుకొనెను. ఆయనను జనరల్ అని పిలువసాగిరి.

తూర్పు లండను ఓడరేవు కూలీల పేట. ఓడ వచ్చిననాడు పని, రాని నాడు పస్తు. చలికాలములో మంచు పడినప్పుడు కట్టడపు పనులు నిలిచిపోవును, రేవులో పనులు తగ్గిపోవును. కూలి లేని మనుష్యునికి రాత్రి అద్దె గదిలో పడుకొనుటకు నాలుగు పెన్నీలు ఉండవు. ప్రభుత్వపు అనాథ శాలకు పోయినయెడల, ఒక రాత్రి నిద్రకు బదులుగా రాళ్లు కొట్టవలెను, లేక పాత త్రాళ్లు పీకి నార తీయవలెను. 1882 నాటి చట్టము ప్రకారము రెండవ దినము ఉదయము వరకు విడువరు. అప్పటికి రేవులో పని పంచుట అయిపోవును. కావున పని వెదకుకొనగోరినవాడు వీధిలో పండుకొనుటయే మేలనుకొనెను. వీధిలో పండుకొన్నవానిని పోలీసులు లేపి, కదలిపొమ్మనుచుండిరి. అట్లు రాత్రియంతయు నడచినవాడు ఉదయమున పని చేయలేడు. పని చేయలేనివానికి మరునాటి రాత్రి గది అద్దెకు డబ్బుండదు. సోమరితనమని లోకులు అనుకొనుచున్నది అనేక పర్యాయములు నిద్రలేమియే.

బూత్ బీదల ఆకలిని ఎరుగనివాడు కాడు. 1870 మొదలుకొని చౌక భోజనశాలలు కొన్ని నడిపించెను. అవి నిలువలేక 1874 నాటికి మూతపడెను. ఆత్మల రక్షణయే తన పని యను నిశ్చయముతో ఆయన సువార్తకే తన బలమంతయు ధారపోసెను. ఆ నిశ్చయము తప్పని నేను చెప్పను. అయితే పగటి కూటములలో తన ప్రసంగము వినుచున్నవారు రాత్రికి ఎక్కడికి పోవుచున్నారను ప్రశ్న ఆయనకు ఇంకను ఎదురుపడలేదు.

వంతెన మీద ఒక రాత్రి

1887వ సంవత్సరములో, దక్షిణమున ఒక చోట ప్రసంగించి, బూత్ అర్ధరాత్రి దాటిన పిమ్మట లండను వంతెన మీదుగా ఇంటికి తిరిగి వచ్చుచుండెను. అప్పటికి ఆయన వయస్సు యేబది యెనిమిది. వంతెన ప్రక్కల ఉన్న రాతి గూళ్లలో, చలిగాలికి ముడుచుకొని, ఆరుబయట పండుకొనియున్న మనుష్యులు ఆయనకు కనబడిరి. మరునాటి ఉదయము కుమారుడు బ్రామ్‌వెల్ తండ్రి యొద్దకు రాగా, ఆయన నిద్ర లేని కన్నులతో గదిలో అటునిటు తిరుగుచుండెను. రాత్రి చూచినది చెప్పి, ఈ సంగతి నీకు తెలియునా అని కుమారుని అడిగెను. తెలియునని బ్రామ్‌వెల్ ఒప్పుకొనెను. తెలిసియు ఏమియు చేయకుంటివా అని తండ్రి మందలించెను. కుమారుడు అడ్డంకులు చెప్పబోయెను. లండనులోని బీదలందరి భారమును ఒక చిన్న సైన్యము ఎట్లు మోయగలదని అతని సందేహము. తండ్రి ఆ వాదమును సాగనీయక, ఏదైనను చేయుమని ఆజ్ఞాపించెను. ఒక గోదాము చూచి, దానిని వెచ్చగా చేసి, వారికి కప్పుకొనుటకు ఏదైనను ఇచ్చిన చాలునని మార్గము కూడ తానే చూపెను. ఈ వృత్తాంతమును తరువాత బ్రామ్‌వెల్ స్వయముగా వ్రాసి లోకమునకు తెలిపెను.

ప్రియులారా, ఈ సంభాషణలో నన్ను మిక్కిలి కలవరపెట్టునది తండ్రి కోపము కాదు, కుమారుని జవాబు. బ్రామ్‌వెల్ కఠినుడు కాడు, భక్తిపరుడు. అతనికి సంగతి తెలియును. తెలిసియుండుట వలననే అది అతనికి మామూలైపోయెను. దినదినము చూచునది కంటికి ఆనదు. మన బస్టాండు అరుగుల విషయములో మనమందరము బ్రామ్‌వెల్ వంటివారమే. తెలియునా అని ఎవరైన అడిగినయెడల, తెలియునని చెప్పక తప్పదు.

గోదాములో పడకలు

1888 ఫిబ్రవరిలో, ఓడరేవుకు దగ్గరగా లైమ్‌హౌస్‌లోని వెస్ట్ ఇండియా డాక్ రోడ్డులో, రక్షణ సైన్యపు మొదటి ఆశ్రయము తెరువబడెను. వంతెన మీది రాత్రికిని దీనికిని మధ్య కొద్ది నెలలే. గొప్ప కట్టడము కట్టించలేదు. ఉన్న గోదామునే బాగుచేసిరి. తరువాత నగరములో మరికొన్ని వెలసెను. వైట్‌చాపెల్‌లో స్త్రీలకు ప్రత్యేకముగా ఒకటి ఏర్పాటు చేసిరి.

1890 నాటికి ఈ ఆశ్రయములు నడచిన పద్ధతి ఇది. సాయంకాలము ద్వారము యొద్ద నాలుగు పెన్నీలు చెల్లించినవానికి రాత్రి ఆహారము, పడక, ఉదయ ఆహారము దొరకును. ఆ పాటి డబ్బు లేనివానికి పని చూపి, ఆ పని కూలితో చెల్లించుకొననిచ్చిరి. స్నానమునకు, బట్టలు ఉతుకుకొనుటకు వేడినీళ్లుండెను. పడుకొనుటకు నేల మీద వరుసగా చెక్క పెట్టెలు, వాటిలో నీరు అంటని గుడ్డతో కుట్టిన పరుపులు, కప్పుకొనుటకు తోలు దుప్పట్లు. తోలును ప్రతి ఉదయము తుడిచి శుభ్రపరచవచ్చును, పురుగు పట్టదు. చూచుటకు శవపేటికల వలె ఉన్నవని కొందరు హేళన చేసిరి. అయినను వంతెన మీది రాతి గూటి కంటె ఆ పెట్టె మేలని దానిలో పండుకొన్నవారికి తెలియును. పడుకొనకముందు కొంతసేపు పాటలు, ప్రార్థన, సాక్ష్యములు జరిగెడివి. నిన్న మొన్నటి వరకు వీధిలో పండుకొన్నవారే లేచి సాక్ష్యము చెప్పుచుండిరి.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. నాలుగు పెన్నీలు పుచ్చుకొనుట కఠినమని మనకు తోచవచ్చును. కాని వచ్చినవాడు భిక్షకుడుగా కాక బసకు వచ్చిన మనుష్యునిగా ద్వారము దాటవలెనని బూత్ ఉద్దేశము. దుప్పటి పంచుట ఒక రాత్రి పని. ఆశ్రయము నడుపుట ప్రతి రాత్రి పని. దీపము వెలిగించువాడు, నీళ్లు కాచువాడు, తలుపు యొద్ద మేలుకొనియుండువాడు ప్రతి రాత్రి కావలెను. బూత్ గొప్పతనము కనికరపడుటలో కంటె ఆ కనికరమును ప్రతి రాత్రి తలుపు తెరచునట్లు చేయుటలో ఉన్నది.

బండి గుర్రమునకు ఉన్న హక్కు

1890లో బూత్ తన అధికారులను ఒక రాత్రి థేమ్స్ నది గట్టు వెంబడి, కూరగాయల అంగడి వెంబడి పంపి, ఆరుబయట పండుకొన్నవారిని లెక్కింపజేసెను. మూడు వందలకు పైగా మనుష్యులు కనబడిరి. వారిలో కొందరిని ఏ వృత్తివారు, ఎన్ని దినములుగా ఇట్లున్నారు, పని దొరికిన చేయుదురా అని అడిగి వ్రాసికొనిరి. గుంపుగా కనబడినవారు ఆ విచారణలో ఒక్కొక్కరుగా మనుష్యులైరి. చేతివృత్తులు వచ్చినవారు, పని కొరకు దూరము నుండి నడచివచ్చినవారు, వృద్ధులు వారిలో ఉండిరి.

ఆ సంవత్సరము అక్టోబరులో ఆయన గ్రంథము వెలువడెను. దాని పేరునకు చీకటి ఇంగ్లండు, దానినుండి బయటపడు మార్గము అని అర్థము చెప్పుకొనవచ్చును. పత్రికా రచయిత డబ్ల్యు. టి. స్టెడ్ దాని రచనకు సహాయపడెను. కేథరిన్ అప్పుడు క్యాన్సరు వ్యాధితో మంచము పట్టియుండెను. ఆమె పడక ప్రక్కనే ఆ గ్రంథము పెరిగెను. 1890 అక్టోబరు 4వ తేదీన ఆమె ప్రభువునందు నిద్రించెను. అచ్చయిన గ్రంథము లోకమునకు అందినప్పుడు బూత్ ఇంట దుఃఖము నిండియుండెను.

ఆ గ్రంథములో ఒక చక్కని పోలిక కలదు. లండను వీధులలో బండి లాగు గుర్రము జారిపడినయెడల, అది తన తప్పు వలన పడినదా, బండివాని తప్పు వలన పడినదా అని ఎవరును విచారింపరు. ముందు దానిని లేపి నిలువబెట్టుదురు. బ్రతికియున్నంత కాలము దానికి మేత, రాత్రి పాక, చేయుటకు పని ఉండును. ఈ రెండును మనుష్యునికి కూడ దక్కవలెనని బూత్ కోరెను. అంతకు మించి ఆయన అడుగలేదు. పడినవానిని లేపకముందు వాని యోగ్యతను పరీక్షించు అలవాటు మనలోను ఉన్నది. త్రాగుబోతేమో, దొంగయేమో, ఇంటినుండి పారిపోయి వచ్చెనేమో అని ఆలోచించుదుము. గుర్రమును అట్లు అడుగము.

నగరములో ఆశ్రయములును పనిశాలలును, పల్లెలో వ్యవసాయ క్షేత్రము, సముద్రముల కావల క్రొత్త నివాసములు అని మూడు మెట్ల పథకము ఆయన వేసెను. ప్రారంభమునకు లక్ష పౌనులు కావలెనని అడుగగా, కొద్ది నెలలలోనే ఆ మొత్తము వచ్చెను. 1891లో ఎసెక్స్‌లోని హ్యాడ్లీలో వ్యవసాయ క్షేత్రము, లండనులో అగ్గిపెట్టెల కర్మాగారము ప్రారంభమాయెను. ఆ కాలపు అగ్గిపుల్లలలో వాడు తెల్ల భాస్వరము వలన పనివారి దవడ యెముకలు కుళ్లిపోవుచుండెను. బూత్ ఆ విషమును వాడక, ఎక్కువ కూలి ఇచ్చి, అపాయములేని అగ్గిపెట్టెలు చేయించెను. రాత్రికి పడక ఇచ్చినవాడు ఉదయమునకు పని చూపవలెనని ఆయన ఎరుగును.

విమర్శలు, లోపములు

ఆ పనికి విరోధము లేకపోలేదు. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు టి. హెచ్. హక్స్‌లీ టైమ్స్ పత్రికకు వరుసగా లేఖలు వ్రాసి, బూత్ అధికారమును, పథకమును తీవ్రముగా ఖండించెను. ఇట్టి సహాయము సోమరులను పెంచునని కొందరనిరి. ధనము దుర్వినియోగమైనదను అనుమానములు రాగా, ఒక విచారణ సంఘము లెక్కలు పరీక్షించి, 1892లో ఆ అనుమానములకు ఆధారము లేదని తేల్చెను.

ఆయన దోషరహితుడని చెప్పుట సత్యము కాదు. తన మాటకు ఎదురు సహింపని స్వభావము ఆయనది. స్వంత బిడ్డలలో ముగ్గురు, బాలింగ్‌టన్, కేట్, హెర్బర్ట్, ఒకరి తరువాత ఒకరు సైన్యమును విడిచిపోయిరి. సముద్రముల కావలి నివాసములు ఆయన తలంచిన రీతిగా ఏర్పడలేదు. అయినను వంతెన మీద చూచినదానిని ఆయన మరువలేదు.

తెలుగు నేలతో సంబంధము

రక్షణ సైన్యము 1882లో బొంబాయిలో దిగెను. ఐ.సి.ఎస్. ఉద్యోగము విడిచి, కాషాయము కట్టి, పాదచారియై తిరిగిన ఫ్రెడరిక్ టకర్ దానికి నాయకుడు. తరువాత ఆయన బూత్ కుమార్తె ఎమ్మాను వివాహమాడెను. బూత్ స్వయముగా 1891-92లో మన దేశమును దర్శించెను. బాపట్లలోను నిడుబ్రోలులోను వెలసిన ఆసుపత్రులకు బూత్ మరియొక కుమార్తె ఎవాంజిలిన్ పేరు పెట్టబడెను.

బాపట్ల దగ్గరి స్టూవర్టుపురము కథ కూడ మనకు తెలియును. నేరస్థ జాతులని ఆనాటి చట్టము ముద్రవేసిన ఎరుకల కుటుంబముల కొరకు, బూత్ మరణించిన కాలమునకు కొంచెము అటునిటుగా, ప్రభుత్వము ఏర్పరచిన ఆ నివాసమును రక్షణ సైన్యము నిర్వహించెను. భూమి, బడి, పని అక్కడ దొరికెను. కాని ఆ చట్టము క్రింద అక్కడివారు అనుమతి లేనిదే బయటకు పోరాదు. జాతికంతటికి దొంగతనపు ముద్ర వేసిన ఆ చట్టము అన్యాయమైనది. 1952లో అది రద్దాయెను. ఈ సంగతిని దాచక చెప్పుకొనుట మంచిది. తలుపు లోపలివాని చేతిలో ఉన్నప్పుడే అది ఆశ్రయము. తలుపు బయటివాని చేతిలో ఉన్నప్పుడు కప్పు ఎంత మంచిదైనను అది చెరసాల. రాత్రి ఆశ్రయము నడుపబోవువారు ఈ భేదమును మరువరాదు.

చివరి కోరిక

వృద్ధాప్యములో బూత్ కన్నులు మసకబారెను. 1909లో ఒక కన్ను పోయెను. 1912 మేలో లండనులోని ఆల్బర్ట్ హాలులో తన చివరి బహిరంగ ప్రసంగము చేసెను. ఆ నెలలోనే జరిగిన శస్త్రచికిత్స ఫలింపక రెండవ కన్ను కూడ పోయెను. మరణము సమీపించినప్పుడు ఆయన బ్రామ్‌వెల్‌ను పిలిచి, ఇల్లు లేనివారి కొరకు ఇంకను ఎక్కువ చేయుదునని మాట ఇమ్మని కోరెను. స్వదేశమువారి కొరకే కాదు, అన్ని దేశములలోని నిరాశ్రయుల కొరకు ఆ మాట తీసికొనెను. తప్పినయెడల తిరిగి వచ్చి నిన్ను వెంటాడుదునని నవ్వుచు హెచ్చరించెను. వంతెన మీది రాత్రి తెల్లవారిన ఉదయమున మందలింపబడిన కుమారుడే మరల ఆ మాట ఇచ్చెను. 1912 ఆగస్టు 20వ తేదీన జనరల్ బూత్ ప్రభువు సన్నిధికి చేరెను. అప్పటికి రక్షణ సైన్యము 58 దేశములలో పని చేయుచుండెను. గొప్పవారును, ఆశ్రయములలో పండుకొన్న బీదలును ఆయన పార్థివ దేహమును దర్శించిరి. అబ్నీ పార్కు శ్మశానములో కేథరిన్ ప్రక్కన ఆయనను భూస్థాపన చేసిరి.

మన తలుపులు

2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకు పైగా లెక్కింపబడిరి. 2010లో సుప్రీంకోర్టు నగరములలో రాత్రి ఆశ్రయములు ఏర్పాటు చేయుమని రాష్ట్రములను ఆదేశించెను. 2013 నుండి కేంద్ర ప్రభుత్వ పథకము క్రింద అనేక పట్టణములలో పురపాలక సంఘములు అట్టివి తెరచినవి. అయినను అరుగుల మీద పండుకొనువారు ఉన్నారు. దానికి కారణములు వారినే అడిగిన తెలియును. ఆశ్రయము ఉన్నదని కొందరికి తెలియదు. కొందరికి అది పని దొరుకు కూడలికి దూరము. భార్యాబిడ్డలతో ఉన్నవానికి అక్కడ చోటుండకపోవచ్చును. ఒంటరి స్త్రీకి భయము. మూట దొంగిలింపబడునని వృద్ధునికి భయము.

కావున మొదట మన ఊరి ఆశ్రయము ఎక్కడ ఉన్నదో తెలిసికొనుదము. రాత్రి వేళ ఒకసారి వెళ్లి, అక్కడ నీళ్లు కాగుచున్నవా, దుప్పట్లు ఉతుకుచున్నారా, స్త్రీలకు వేరు గది ఉన్నదా అని చూతము. స్త్రీల మైత్రివారు వారమునకొకమారు దుప్పట్లు ఉతికించు భారమును వహింపవచ్చును. యౌవనస్థులు ఇద్దరిద్దరు చొప్పున రాత్రి కావలి పంచుకొనవచ్చును. గుర్తింపు పత్రము లేనివానికి, ఆసుపత్రికి పోవలసినవానికి తోడు పోవుటకు విద్యావంతులు మనలో కొరతగా లేరు. దుప్పటి ఇచ్చునప్పుడు ఫోటో తీయించుకొనుట మానుదము. పేరు అడుగుదము. మరునాడు ఆ పేరుతో పిలుతము.

ఆశ్రయము లేని ఊళ్లలో మన హాళ్లున్నవి. ఈ నూరు సంవత్సరములలో మన పితరులు పిడికెడు బియ్యము కానుకలతో కట్టిన హాళ్లు అవి. కప్పు ఉన్నది, విద్యుద్దీపములున్నవి, నీళ్లున్నవి. ఆదివారము నుండి ఆదివారము వరకు తాళము కూడ ఉన్నది. డిసెంబరు మొదటి వారము నుండి సంక్రాంతి దాటువరకు, అనగా సుమారు ఏడు వారములు, ఒక్కొక్క పాస్టరేటులో ఒక్క హాలు తలుపు రాత్రి పూట తెరచియుంచుట మనకు అసాధ్యమా? శతవార్షికోత్సవమునకు దీపాలంకరణ చేయుదుము, విందు చేయుదుము, శిలాఫలకము వేయుదుము. అవి ఉండనిండు. వాటితో పాటు ఈ తలుపు కూడ తెరువబడిన, మన పితరులు సంతోషించుదురని నా నమ్మకము.

మత్తయి సువార్త 25వ అధ్యాయములో, తీర్పు దినమున రాజు అడుగు ప్రశ్నలలో మన ఆరాధన క్రమము లేదు, మన సభ్యుల సంఖ్య లేదు. పరదేశిని చేర్చుకొంటిమా అనునది మాత్రము ఉన్నది. అక్కడ ఎడమవైపు నిలిచినవారు చెప్పుకొను సాకు, తాము ఆయనను చూడలేదని. విలియమ్ బూత్ చూచెను. మనమును చూచుచునే యున్నాము. ఈ సంవత్సరము కేరల్స్‌కు బయలుదేరునప్పుడు, అరుగు మీది వృద్ధుని యొద్ద డోలకు ఆపినచో చాలదు. అక్కడ కూర్చుండి, ఆయనను లేపి, వెచ్చని చోటికి తీసికొనిపోవుటకు మన యొద్ద ఒక చోటు సిద్ధముగా ఉండవలెను.

సత్రములో చోటు దొరకని తలిదండ్రులకు జనించిన ప్రభువు, మన అధ్యక్ష మండలమునకు రెండవ శతాబ్దములో ముందు తలుపు ఒక్కటే గల మందిరములను అనుగ్రహించును గాక. ఆమేన్.